వాది చనిపోయాక

"చచ్చిపోయిన మనిషి నా మీద కేసెలా నడుపుతాడండీ?"

సూర్యావతి కోర్టు కాగితం బల్ల మీద పెట్టింది. లాయరు లాజరుగారు కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మనిషి పోయినా కేసు పోదమ్మా. వారసులు ముందుకొస్తే వాళ్ల పేరున నడుస్తుంది. రాజుగారు మస్కట్‌లో పోయి మూణ్ణెల్లయింది. ఇప్పుడు వారసుడు పిటిషన్ వేశాడు."

విడాకులైన ఈ పదిహేడేళ్లలో సత్యనారాయణరాజు ఆమెకి ఒక్కసారీ కనపడలేదు. మస్కట్ నుంచి అతని సంతకాలు మాత్రం వచ్చేవి. ఆమె పేరున ఉన్న నాలుగెకరాల చేపల చెరువు తన డబ్బుతో కొన్నదేనని మొదటి కేసు. అది కొట్టేస్తే పై కోర్టులో అప్పీలు. అదీ పోతే, ఆ దేశంలో తెచ్చుకున్న తీర్పు ఇక్కడ అమలు చేయాలని మరొకటి. తర్వాత అదే కేసు ఇంకో పేరుతో. పోస్ట్‌మన్ గేటు ముందు సైకిల్ దిగితే చాలు, తింటున్న ముద్ద ఆమె చేతిలోనే ఉండిపోయేది. ఆ సంతకం చూస్తే మనిషే వచ్చి గదిలో నించున్నట్టుండేది.

అతను పోయాడని తెలిసిన రోజు ఆమె ఏడవలేదు. కడుపు నిండా అన్నం తింది. తిన్నాక సిగ్గుపడింది.

"ఎవరండీ వారసులు? ఆ రెండో ఆవిడా?"

"ఆవిడ ఆయనకంటే ముందే పోయిందట. ఒక్కడే కొడుకు." లాజరుగారు కళ్లజోడు తీశారు. "రెండో పేజీ చూడలేదా అమ్మా?"

చూసింది. హర్షవర్మ, వయస్సు పంతొమ్మిది సంవత్సరములు.

అప్పుడు కూర్చుంది.

ఆ పేరు పెట్టింది ఆమే. ఏడాదిన్నర పిల్లాణ్ణి వాళ్ల నానమ్మకి చూపించి తెస్తానని తీసుకెళ్లి, అటునుంచటే విమానం ఎక్కేశాడు రాజు. ఇన్నేళ్లలో ఆమె తనంతట తాను వేసిన కేసు ఒక్కటే, పిల్లాడి కోసం. అదొక్కటే ఓడిపోయింది.

"అభ్యంతరం ఉందని రాయమంటారా? అలా చేస్తే ఇంకో ఏడాది లాగొచ్చు," అన్నారు లాజరుగారు.

"వద్దండి."

"ఆలోచించండి. చెరువు విషయం..."

"వద్దన్నాను కదండీ. వాడు వస్తాడా? మనిషి వస్తాడా, సంతకమే వస్తుందా?"

"వస్తున్నాడట. వాయిదాకి."

వాయిదా రోజు తొమ్మిదింటికల్లా భీమవరం కోర్టు వరండాలో ఉంది సూర్యావతి. బస్సులో దారి పొడుగునా ఒకటే ఆలోచన. ముందు ఏమని పిలవాలి? హర్షా అనాలా, నాన్నా అనాలా? పేరుపెట్టి పిలిస్తే పలుకుతాడా?

పదకొండు దాటాక బంట్రోతు గుమ్మంలోకొచ్చి అరిచాడు.

"పెన్మెత్స సత్యనారాయణరాజూ!"

అలవాటుగా ఆమె ఒళ్లు బిగుసుకుపోయింది. రెండోసారి అరిచాడు. మూడోసారి అరిచాడు.

"వచ్చామండీ," అంది వెనకనుంచి ఓ గొంతు.

ఆమె బెంచీ అంచు పట్టుకుంది. అదే గొంతు. కాస్త బొంగురు, చివర చిన్న సాగదీత. చనిపోయాడన్నది అబద్ధం, మనిషే వచ్చేశాడు అనుకుంది. తల తిప్పడానికి మెడ కదల్లేదు. కుర్రాడు ఆమె పక్కనుంచే లోపలికి నడిచి వెళ్తుంటే అప్పుడు చూసింది. ఎత్తు, నడక, భుజాలు అన్నీ రాజువే. చెవులు మాత్రం ఆమె తండ్రివి.

లోపల రెండు నిమిషాల పని. అభ్యంతరం లేదని లాజరుగారు చెప్పారు. తండ్రి పేరు స్థానంలో హర్షవర్మ పేరు రికార్డుకెక్కింది. మళ్లీ వాయిదా పడింది.

ఆమె వరండాలోకి వచ్చేసరికి అతనే ఎదురొచ్చాడు.

"మీరేనాండీ సూర్యావతిగారు?"

"నేనే నాన్నా."

"ఇక్కడ కూర్చోవచ్చాండీ?"

పెంచినావిడ చక్కగా పెంచింది అనుకుంది సూర్యావతి. ఎన్నో మాటలు కూడగట్టుకొని వచ్చింది. నోట్లోంచి ఒకటే వచ్చింది.

"తిన్నావా?"

"తిన్నానండి. హోటల్లో ఇడ్లీ." అతను తన బూట్లకేసి చూసుకున్నాడు. "నాకీ కేసులు ఇష్టం లేదండి. చిన్నప్పట్నుంచీ ఇంట్లో ఇవే మాటలు. కేసు వదలొద్దని నాన్న చివర్లో నా చేత ఒట్టేయించుకున్నారు. అందుకని వచ్చాను. కానీ మిమ్మల్ని ఒక్క మాట అడగాలని మాత్రం ఎప్పట్నుంచో ఉంది."

ఎందుకు రాలేదని అడుగుతాడు. తను రాసిన ఉత్తరాలన్నీ అడ్రసు కొట్టేసి తిరిగొచ్చాయని చెప్పాలి. అవన్నీ ఇంట్లోనే ఉన్నాయి, కావాలంటే ఇవాళే చూపించొచ్చు. ఇంటికి రమ్మనాలి.

"అడుగు నాన్నా. ఏదైనా అడుగు."

అతను ఆమెవైపు తిరిగాడు.

"ఏమీ అనుకోకండి ఆంటీ. మీకు పిల్లల్లేరని నాన్న చెప్పేవారు. మరి ఆ చెరువు ఎవరి కోసమండీ?"