బకెట్ అడుగున

మూడో అద్దం కూడా భళ్లుమంది. పారేసిన కిటికీలు ఏరి తెచ్చి డాబా మీద నేను కట్టుకున్న గ్రీన్‌హౌస్‌ను కింది వాటా పెద్దమనిషి ఇనుప కడ్డీతో బాదుతున్నాడు. రెండో చేతిలో ఆయన భార్య జుట్టు ఉంది.

“చెత్త బకెట్ ఇచ్చి రావడానికి ఇంతసేపా? నా మీద ఏం చాడీలు చెప్తున్నావే?”

“లేదండీ, ఒట్టు!”

“తనేం చెప్పలేదు బాబూ, మీ బకెట్టే చెప్పింది” అన్నాను. “ఎరువు కోసం నాకు అందరిళ్ల నుంచీ తొక్కలొస్తాయి. మీ ఇంటి నుంచి ముట్టని అన్నం, దాని అడుగున పింగాణీ కంచాల పెంకులు. మొదట్లో కంచాల కొట్టు పెట్టారేమో అనుకున్నా. ఎరువులో కలిపేముందు అవి ఏరేది నేనే.”

కట్టు కట్టిన వేళ్లు చూపించాను.

కడ్డీ గాలిలో ఆగింది. ఆవిడ నా వేళ్లనే చూస్తోంది.

“ఇన్నాళ్లూ మీకు తెలుసా అక్కా?”

“తెలుసమ్మా.”

“ముందు ఇంటికి పద!” అని ఆయన జుట్టు గుంజాడు.

ఆవిడ రెండు చేతులతో విదిలించుకుని టమాటా మొక్కల మధ్య కూర్చుంది. పెదవి మీది రక్తం కొంగుతో తుడుచుకుని మట్టిలోంచి ఒక గాజు పెంకు తీసింది.

“మీరు వెళ్లండి. ఇవి ఏరకపోతే అక్క చేయి మళ్లీ తెగుతుంది.”