వాలు ముండ్లు

“మోటరు ఎయ్యకు బిడ్డా!” భూమయ్య తన మగ్గానికి అడ్డం నిలబడ్డాడు.

ఎండకు పోగులు తెగకుండా తుంపర చల్లే ప్లాస్టిక్ గొట్టం సరిగ్గా ఆయన నేస్తున్న ఎర్ర చద్దరు మీదుగా పోతోంది. గొట్టాలను కలిపే జాయింటు కూతురు శకుంతల చేసిందే. పోయినసారి అది ఊడిపోయి, పక్క మగ్గం మీది పడుగంతా తడిసి రంగు కారింది.

“బిగించుడు లేదు, కట్టుడు లేదు. గొట్టం గుచ్చితే చాలంటవు. ఎట్ల ఆగుతది?”

“గొట్టాన్ని కరిచిపట్టే లోపలి పండ్లు మార్చిన నాయినా.”

“మల్ల ఊడితే?”

“ఊడితే ఇగ బస్. ఇంట్ల కూసోని బీడీలు చేస్త.”

ఆమె మీట నొక్కింది. గొట్టం వణికింది. జాయింటు దగ్గర ఒక చుక్క ఊరింది. భూమయ్య చేతులు చాచి చద్దరు మీదికి వంగాడు.

చుక్క రాలలేదు. పైన తుంపర లేచింది.

ఆయన గొట్టం పట్టుకుని బలంగా గుంజాడు. రాలేదు.

“ఏం పెట్టినవే లోపల?”

శకుంతల చద్దరును వెడల్పుగా సాగదీసి పట్టే కట్టెను చూపింది.

“గా కట్టె చివర ముండ్లు వాలుగుంటయి గద. బట్ట గుంజినకొద్ది ఇంక గట్టిగ పడ్తయి. నా పండ్లు గట్లనే వంచిన.”

“నీకు మగ్గం నేర్పలే గదనే. ఆడపిల్లకెందుకని కూసోనియ్యలే.”

“కూసోనియ్యలే. పక్కన నూలు కండెలు చుట్టుకుంట చూసిన.”

భూమయ్య తువ్వాలతో మగ్గం ముందు కూర్చునే పలక తుడిచాడు. “రా, కూసో,” అన్నాడు.

శకుంతల అప్పటికే పక్క మగ్గం పైన ఇంకో జాయింటులో గొట్టం గుచ్చుతోంది.