ఎదురుకోలు

“నువ్వు ఇంట్లోనే ఉండు. నేనొక్కదాన్నే పోయొస్తా,” అంది నారాయణమ్మ చెప్పులు వేసుకుంటూ.

“యాలవ్వా? వచ్చేది నా నాయన. గుడుపల్లె నుంచి కుప్పం స్టేషనుకు పోయేదానికి నేనేమన్నా చంటిబిడ్డనా?”

మదనపల్లెలో నర్సింగ్ చదివే సంగీత, తండ్రి వస్తున్నాడని సెలవు పెట్టి వచ్చింది. సరిహద్దులో కాల్పులు మొదలయ్యాక, సైన్యంలో ఉన్న గంగాధర్ నుంచి ఫోన్ లేదు. చివరికి చేసి, లీవు మీద వస్తున్నానన్నాడు. ఆ కబురు విన్నప్పటి నుంచి అవ్వ ముద్ద మింగడం లేదు.

“ఏందవ్వా నీ భయం? చెప్తేనే గదా తెలిసేది.”

నారాయణమ్మ బడికి పోలేదు. బస్సుల బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కుంది. ఇప్పుడు చదివేది బైబిల్ ఒక్కటే.

“ఇశ్రాయేలోళ్ళకు ఒక సేనాపతి ఉండె. యుద్ధానికి పోతా మొక్కుకున్న్యాడు. గెలిచి తిరిగొస్తే, ఇంట్లో నుంచి ముందు ఎవురు ఎదురొస్తే వాళ్ళను దేవునికి బలిస్తానని.”

“మేకో గొర్రో వస్తాదనుకున్న్యాడేమో.”

“ఏమనుకున్న్యాడో. వచ్చింది కూతురు. తప్పెట కొట్టుకుంటా, ఎగురుకుంటా. ఒక్కతే బిడ్డ.”

“వదిలిపెట్టల్యా?”

“మొక్కినాక ఎట్ల వదుల్తాడే?”

సంగీత ఫక్కున నవ్వింది. “మా నాయన అట్ల మొక్కుకుంటాడా? నీకు బుద్ధుండాదా?”

“భయంలో మనిషి నోట్లో ఏం మాటొస్తాదో ఎవురికి తెలుసు? నువ్వు మాత్రం వానికి ముందు ఎదురుపోవద్దు. నా మీద ఒట్టెయ్యి.”

సంగీత ఒట్టు వేయలేదు. ఆటోలో అవ్వ పక్కనే ఎక్కి కూర్చుంది.

ఆ ప్లాట్‌ఫారం మీదికి నారాయణమ్మ ఎప్పుడూ సాగనంపడానికే వచ్చింది. ఎదురుపోవడం ఇదే మొదలు.

రైలు ఆగింది. ఒక పెట్టె తలుపులో గంగాధర్ కనబడగానే “నాయనా!” అంటూ సంగీత ఉరకబోయింది. నారాయణమ్మ ఆమె చున్నీ పట్టి వెనక్కి లాగింది. పిల్ల తూలి సిమెంటు బెంచీ మీద పడింది. మోకాళ్ళ నొప్పులతో మెల్లగా నడిచే మనిషి, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ పోయి కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఏమ్మా, పడిపోతావు! ఏంది ఈ పరుగు?”

“ముందు నేనే గదప్పా ఎదురొచ్చింది? నన్నే గదా నువ్వు ముందు తాకింది?”

“నిన్నేలేమ్మా.”

ఆమె తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఎన్నాళ్ళకో నవ్వింది.

సంగీత మోచెయ్యి రుద్దుకుంటూ వచ్చింది. “సూడు నాయనా, నువ్వేదో మొక్కుకున్న్యావని అవ్వ నన్ను లాగి పడేసింది. నిజంగా మొక్కుకున్న్యావా?”

“నేనా? ఆడ తల దాచుకునేదానికే సందు లేకపాయ. మొక్కులు యాడివి?”

“విన్న్యావా అవ్వా? నాయన ఏమీ మొక్కుకోలేదంట. ఇంగన్నా కడుపునిండా తిను.”

“తింటాలేమ్మా,” అంటూ నారాయణమ్మ మనవరాలి తల మీద చెయ్యి వేసింది. చాలాసేపు తీయలేదు.

అట్లా మొక్కుకున్నది నారాయణమ్మే.