గువ్వలు పెంచే వరుడు

“అరవై దాటి ఉండాలి. ఉండేది సురబయలోనే. భార్య పోయినవాడైనా సరే, విడాకులు తీసుకున్నవాడైనా సరే,” అంది ముర్సియా, టీ గ్లాసు పక్కకు జరుపుతూ.

పంజి చకచకా టైపు చేశాడు. ఆ పెళ్లిసంబంధాల ఆఫీసులో డేటాబేస్ చూసేది అతనే. తెర నిండా పేర్లు వచ్చిపడ్డాయి.

“మొదటాయన ఉండేది బాలిలో, ఇబూ. వయసు... ముప్ఫై,” అన్నాడు, ఇండోనేషియా వాడుకలో ఆమెను ‘అమ్మా’ అని పిలుస్తూ.

“బాగానే ఉంది! పక్కన నిలబడితే నా మనవడనుకుంటారు.”

పంజి నవ్వాపుకుంటూ కంప్యూటర్‌ని పేర్లు వెతకమని తను రాసిన క్వెరీ మళ్లీ చదువుకున్నాడు. “తప్పు నాదే. ‘ఇదీ ఉండాలి’ అనే యాండ్‌లూ, ‘ఇదైనా చాలు’ అనే ఆర్‌లూ కలగాపులగంగా రాసేశా. దాంతో విడాకులైతే చాలు, ఏ ఊరివాళ్లైనా, ఏ వయసువాళ్లైనా లోపలికొచ్చేశారు. ఆ భార్య పోవడం, విడాకులు రెండూ కలిపి బ్రాకెట్లో పెట్టాలి.”

పెట్టాడు. బాలి కుర్రాడు మాయమయ్యాడు. అయినా ఇంకా చాలామందే ఉన్నారు.

“రైల్వేలో చేసి రిటైరైనవాడు కావాలి.”

ఇంకో యాండ్ పడింది. జాబితా చిక్కిపోయింది.

“గువ్వల్ని పెంచేవాడై ఉండాలి.”

“గువ్వలేంటి ఇబూ! సొంతిల్లుందా, షుగరుందా అని అడుగుతారు ఎవరైనా.”

“నాకు గువ్వలే కావాలి. అదీ ఈ రంజాన్ తర్వాత పేరిచ్చినవాళ్లలోనే చూడు.”

“ఇన్ని షరతులు పెడితే ఎవరూ మిగలరు. ఒకటి రెండు వదులుకోండి.”

“మిగలకపోతే మరీ మంచిది, నాయనా.”

ఈ వయసులో రెండో పెళ్లంటే బిడియం కాబోలనుకున్నాడు పంజి. పాపం, ఆమె చేతిసంచీని రెండు చేతులా గట్టిగా పట్టుకుని కూర్చుంది. షరతులన్నీ చేర్చి, దేవుణ్ణి తలచుకుని మీట నొక్కాడు.

“మీ పంట పండింది ఇబూ! ఒక్కరు మిగిలారు. హర్జొనొ గారట. అన్నీ సరిగ్గా కుదిరాయి.”

ముర్సియా చల్లారిపోయిన టీ ఒక గుక్క తాగింది.

“విడాకులా?”

“కాదు. భార్య చనిపోయిందని రాశారు. కబురు పంపమంటారా?”

“వద్దులే. నేనే మాట్లాడతా.”

తలమీది ముసుగు సర్దుకుని నెమ్మదిగా లేచింది.

“మీకు ముందే తెలుసా ఆయన?” అన్నాడు పంజి.

“ఆ చనిపోయిన భార్యను నేనే.”