నీళ్లు పడని బోరు

“అందరిదీ ఇంచుమించు నా ర్యాంకే నాయనా. వీళ్లందరికీ డాక్టరు సీట్లు వచ్చినాయంట,” అంటూ సుష్మ కంప్యూటర్‌లో పిల్లలు తమ ర్యాంకులూ సీట్లూ రాసుకునే పేజీలో ఒక్కో పేరూ చూపించింది. ఆ రాతలు నమ్ముకునే తండ్రీకూతుళ్లు నిన్న కౌన్సెలింగ్‌కు పోయి, సీటు లేకుండా మడకశిరకు తిరిగొచ్చారు.

“రానోళ్లు ఎవురూ లేరా?” అడిగాడు తిప్పేస్వామి.

“ఒక్కరూ లేరు. నాకే రాలేదు.”

“అయితే నీది రాయి పాపా. ఇంకొకరన్నా చూసుకుంటారు.”

“అందరూ గొప్పగా చెప్పుకునే తావులో నాకు రాలేదని ఎట్ల రాసేది? సిగ్గయితాది.”



ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఖాజా కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. అతని తండ్రి చేను తిప్పేస్వామి చేనును ఆనుకునే ఉంటుంది.

“అన్నా, పోయినేడు మీరు వేయించిన బోరులో నీళ్లు బాగా పడినాయంట గదా?”

‘పడినాయప్పా, మోటారు దించాల, అంతే.’ ఏడాదిగా ఊరందరికీ చెబుతున్న ఆ మాటే తిప్పేస్వామి నోటిదాకా వచ్చింది. కూతురి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

“పడలేదు ఖాజా. ఒట్టి దుమ్ము లేసింది. సిగ్గయి ఎవురికీ చెప్పలేదు.”



“మీ బోరు చూసే మా నాయన గొర్రెలన్నీ అమ్మినాడన్నా,” అన్నాడు ఖాజా. “బోరు బండి ఈ పొద్దున్నే మా చేన్లోకి దిగింది.”

సుష్మ కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఆ పేర్లన్నిటి కింద ఒక్కో అక్షరమే కొట్టింది: ‘నాదీ ఇంచుమించు ఇదే ర్యాంకు. నాకు సీటు రాలేదు.’