గొడుగు చువ్వ నీడ

“పన్నెండయింది. ఇప్పుడు చూడండి, మీ నీడ ఎక్కడుందో!” గురునాథం తన చేతి గడియారం పిల్లల ముఖాల ముందు ఆడించాడు.

ఇరవైమంది పిల్లలూ ఒక్కసారిగా వంగారు. బ్రూక్షాబాద్ సునామీ శిబిరంలో రేకుల షెడ్ల మధ్య నేలమీద బిస్కెట్ల అట్టపెట్టె మూత పరిచి ఉంది. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు. మధ్యన మట్టిముద్దలో గుచ్చిన విరిగిన గొడుగు చువ్వ. చుట్టూ బొగ్గుతో వేసిన అంకెలు. చువ్వ నీడ పన్నెండు గీత ఎప్పుడో దాటేసి, పన్నెండున్నర దగ్గర పడుకుని ఉంది.

“ఓడిపోయారు. బంతి లేదు.”

స్టోరు తాళాలు గురునాథం దగ్గరే ఉంటాయి. సాయంగా వచ్చిన సామాన్లలో ఫుట్‌బాల్ కనిపించినప్పటి నుంచి పిల్లలు అతన్ని వదలడం లేదు. ఈ నీడ గడియారం, తన గడియారం కలిసి పన్నెండు చూపిస్తే బంతి ఇచ్చేస్తానని నిన్న అందరి ముందూ మాటిచ్చాడు.

“అంకుల్, నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్నప్పుడే పన్నెండు గీత గీశాను. పుస్తకంలో అలాగే ఉంది,” అంది పదకొండేళ్ళ వాసవి. “మన దీవుల్లో సూర్యుడు ముందొస్తాడు. మీ టైమే మెయిన్‌ల్యాండ్‌ది!”

“రోజూ రేడియో వార్తలకి సరిచేసుకునే గడియారమమ్మా ఇది. సెకను తేడా రాదు. మాటంటే మాటే.”

“రేపొక్కసారి అంకుల్! ప్లీజ్!”

“రేపైతే సూర్యుడు మారిపోతాడా?” గురునాథం నవ్వాడు. కానీ వెళ్ళలేదు. బొగ్గు అంటుకున్న వాసవి వేళ్ళకేసి కాసేపు చూశాడు. “సరే. రేపే ఆఖరు.”

అతను అటు వెళ్ళగానే వాసవి తమ్ముడు లోహిత్ గుసగుసలాడాడు. “దీదీ, మూత కొంచెం తిప్పేద్దాం. ఎవరికి తెలుస్తుంది?”

వాసవి వాడి నెత్తిన మొట్టింది. “చీటింగ్‌రా అది! ముట్టుకున్నావంటే చూడు.”

మర్నాడు గురునాథమే కేకేశాడు. “రండ్రా, పన్నెండవుతోంది!”

పిల్లలు పరుగెత్తుకొచ్చి చుట్టూ మూగారు. ఎవరూ ఊపిరి తీయడం లేదు. నీడ పాకుతోంది. గీతకి వెంట్రుకవాసి దూరం. ఇంకొంచెం. ఇంకొంచెం...

“వచ్చేసింది!”

గురునాథం చెయ్యి చాపాడు. గడియారంలో రెండు ముళ్ళూ పన్నెండు మీదే ఉన్నాయి.

బంతి ఆకాశంలోకి లేచింది. పిల్లలు గొంతులు చించుకుని అరిచారు. సముద్రం మీదపడిన ఈ ఆరువారాల్లో శిబిరంలో అలాంటి కేక వినపడడం ఇదే మొదలు. పెద్దవాళ్ళు షెడ్లలోంచి బయటికొచ్చి చూస్తూ ఉండిపోయారు.

వాసవి తమ్ముడి చెవి పట్టుకుంది. “నువ్వు తిప్పావు కదూ?”

“దేవుడి తోడు దీదీ, ముట్టుకోలేదు! రాళ్ళు చూసుకో.”

రాళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాసవి ఒక్క గెంతులో వంట షెడ్డులో పడింది.

“నూకరత్నం పిన్నీ! గెలిచాం! కరెక్టుగా పన్నెండుకి నీడ పన్నెండు మీదకొచ్చింది!”

పప్పు కలుపుతున్న నూకరత్నం గోడ గడియారంకేసి తలెత్తింది.

“పన్నెండేటే పిల్లా? ఇంకా పదకొండున్నరే. పప్పే ఉడకనేదు.”

వాసవి చప్పున వెనక్కి తిరిగింది.

స్టోరు గుమ్మంలో గురునాథం, అందరి కళ్ళూ బంతి మీదే ఉన్నాయనుకుని, తన చేతి గడియారాన్ని అరగంట వెనక్కి తిప్పుకుంటున్నాడు.