లక్ష తాళాల పందెం

"మాటంటే మాటే. ఎవరి పెట్టె ముందు ముగిస్తే నలభై గుంటల పనీ వాళ్లకే" అంది చెంచులక్ష్మి, పాలిథిన్ కవర్లో చుట్టిన ఫోనును ఒళ్లో పెట్టుకొని.

విడవలూరు దగ్గర ఆమె రొయ్యల గుంటల గట్టు మీద, రేకుల పందిరి కింద పోటీదారులిద్దరూ లాప్‌టాప్‌లు తెరిచారు. ఒకరు నెల్లూరు కంపెనీ అమ్మాయి ప్రత్యూష. ఆమె పెట్టెలో సరికొత్త ప్రాసెసర్. ఇంకొకరు సెల్‌ఫోన్లు బాగుచేసే మీరావలి. ఆయన పెట్టెలో పాత ఫోను నుంచి పీకిన ప్రాసెసర్! పెట్టెలు రెండూ నిన్నటి నుంచి మోటారు షెడ్డులో ఉన్నాయి.

గుంటల్లో నీటిని కొలిచే మీటర్లు పంపే మెసేజీలను ఎవడో మహానుభావుడు దారిలోనే చదివేస్తున్నాడు. రొయ్యలకు జబ్బంటే చెంచులక్ష్మి కంటే ముందు వ్యాపారికి తెలిసిపోతోంది, ధర కోసేస్తున్నాడు. అందుకే మెసేజీలకు తాళం కావాలి. ఆ తాళం వేసేవే ఈ పెట్టెలు.

"తాళం వేసినోడు కూడా తియ్యలేడంటివే, నిజమేనా?" అని ప్రత్యూషను అడిగింది చెంచులక్ష్మి.

"నిజమే అక్కా. ఎవరైనా వెయ్యచ్చు. తీసే చెవి మాత్రం నీ దగ్గరే."

"భలే తాళమే! మా బీరువాకు గూడా ఒకటి చూడు."

ప్రత్యూష నవ్వలేకపోయింది. ఈ ఆర్డరు రాకపోతే నెలాఖరుకు ఉద్యోగం ఊడుతుంది. అయినా భయమెందుకు? ఆఫీసులో లక్ష మెసేజీలకు తాళం వెయ్యడానికి తన పెట్టెకు ముప్పై సెకన్లే పట్టింది. మీరావలి పెట్టెకు ఎనభై పడుతుందని ఆయనే చెప్పాడు.

"కానీండి!" అంది చెంచులక్ష్మి.

ముప్పై సెకన్లు దాటాయి. ప్రత్యూష పెట్టె ఇరవై వేల దగ్గరే దేకుతోంది. ఎనభయ్యో సెకనుకు మీరావలి చెయ్యెత్తాడు. "అయిపొయ్యిందక్కా!"

ఆయనకే నమ్మకం కలగలేదు. ఇంకోసారి పెట్టారు. మళ్లీ ఆయనదే.

చెంచులక్ష్మి ముఖం వాడిపోయింది. "మాట ఇస్తినే... సరే మీరావలీ, పని నీదే."

ప్రత్యూషకు ఏడుపొచ్చింది. కానీ ఏడుపు కంటే ముందు సందేహం వచ్చింది. ప్రోగ్రాం ఒకటే, మెసేజీలు ఒకటే. మరి ఎందుకిలా? గబగబా లాప్‌టాప్‌లో పెట్టె లెక్కలన్నీ తిరగేసింది.

"అన్నా, మీ ప్రాసెసర్ వేడెంత చూపిస్తా ఉంది?"

"యాభై రెండు."

"నాది తొంభై!"

మీరావలి ఉలిక్కిపడ్డాడు. "అదీ సంగతి! అంత వేడెక్కితే అది మాడిపోకుండా తనంతట తానే నిదానిస్తుంది తల్లీ. అయినా రెండూ ఒకే షెడ్డులో, ఒకే గోడకు గదా ఉండేది? నీదానికే ఎందుకంత వేడి?"

షెడ్డు తాళంచెవి ఉండేది చెంచులక్ష్మి దగ్గరే. ఇద్దరూ ఆమె వైపు చూశారు. ఆమె చెయ్యి మెల్లగా నోటి మీదికి వెళ్లింది.

"అయ్యో నా తల్లీ! నువ్వే గెలవాలని పెంచలయ్య సామికి మొక్కుకొని, ఉప్పుగాలి తగలకుండా నీ పెట్టెకు మా ఇంట్లో రగ్గు రెండు మడతలేసి చుట్టొచ్చినానే!"